కంచం గురించి కాదు, పడకగది గురించి చెప్పండి

మా ఇంట్లో ఒక స్టీలు కంచం ఉంది, దాని అంచు మీద మేకుతో గీసిన చిన్న గీత ఉంటుంది. 2017లో మా ఆయనకు హెపటైటిస్ బి అనే లివర్ జబ్బు ఉందని పరీక్షలో వచ్చాక మా అత్తమ్మ గీసింది. మా ఆయన తినే కంచం మిగతా వాటిలో కలవకూడదని, తోమేటప్పుడు కూడా విడిగా తోమాలని. గ్లాసుకూ అదే గుర్తు. సబ్బు వేరు, తువ్వాలు వేరు, దుప్పటి వేరు. మా బాబు వాళ్ల నాన్న కంచంలోంచి ముద్ద అడిగితే చెయ్యి పట్టి లాగేసేది. ఇంత జాగ్రత్తపడ్డ ఇంట్లో గానీ, చుట్టాల్లో గానీ, చివరికి ఆసుపత్రిలో గానీ ఒక్కరంటే ఒక్కరు నన్ను పక్కకు పిలిచి "మీరిద్దరూ మొగుడూ పెళ్లాలు కదా, మరి ఆ సంగతి ఏంటి" అని అడగలేదు.

కంచంతో అంటుకోని జబ్బుకు కంచం వేరు చేశాం. పడకగదిలో అంటుకునే జబ్బు గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఇక్కడే. ఈ విషయం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఓరల్ సెక్స్ అనే మాట రాయకుండా ఎలా రాయాలా అని చూశాను, కుదరలేదు. రాయాల్సిందే దాని గురించి కాబట్టి రాస్తున్నాను.

మాది జగిత్యాల వైపు ఊరు. మా దగ్గర గల్ఫ్ మెడికల్ అంటే ఏంటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వీసా వచ్చినా, ఏజెంటుకు డబ్బులు కట్టినా, ఆ పరీక్షల్లో ఫిట్ అని రాకపోతే విమానం ఎక్కేది లేదు. హెచ్ఐవీతో పాటు హెపటైటిస్ బి, హెపటైటిస్ సి కూడా చూస్తారు. మా ఆయనకు అన్‌ఫిట్ అని వచ్చింది. కాగితం మీద హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని ఉంది. అంటే ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందని అర్థం. ఆ ముక్క అక్కడ ఎవరూ చెప్పలేదు, కాగితం చేతిలో పెట్టి పంపించేశారు. ఊరికొచ్చాక అది పచ్చకామెర్లు అన్నారు. పసరు పోయించాలన్నారు. ఉప్పు, నూనె లేని పథ్యం పెట్టించారు. మూడు ఆదివారాలు పక్క ఊరికి పోయి ఆకు పసరు తాగొచ్చాడు. అసలు మనిషికి కళ్లు పచ్చబడితే కదా కామెర్లు! ఆయన కళ్లు తెల్లగానే ఉన్నాయి, పొలం పని చేస్తూనే ఉన్నాడు, ఆకలి తగ్గలేదు.

పసరు మీద మనవాళ్లకు అంత నమ్మకం ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. కలుషితమైన నీళ్లతో, తిండితో వచ్చే హెపటైటిస్ ఎ ఎక్కువమందిలో కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. పసరు తాగినా తగ్గుతుంది, తాగకపోయినా తగ్గుతుంది, పేరు మాత్రం పసరుకు వస్తుంది. హెపటైటిస్ బి అలాంటిది కాదు. దీర్ఘకాలంగా ఒంట్లో ఉండిపోయినవాళ్లలో ఏళ్ల తరబడి ఏ గుర్తూ కనిపించదు, లోపల లివర్ మాత్రం కొందరిలో గట్టిపడుతూ పోతుంది, సిరోసిస్‌కు, లివర్ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. కామెర్లు, పసరు అనే రెండు మాటల మధ్య పడి ఎంతమంది ఈ పరీక్ష చేయించుకోకుండా ఉండిపోతున్నారో తలుచుకుంటే నాకు బాధేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022 నాటికి మన దేశంలో 2 కోట్ల 98 లక్షల మందికి హెపటైటిస్ బి, 55 లక్షల మందికి హెపటైటిస్ సి ఉన్నాయి. వీళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. తెలియకుండానే పెళ్లిళ్లు అవుతున్నాయి, కాపురాలు చేస్తున్నారు.

కరీంనగర్‌లో ఒక లివర్ డాక్టరు దగ్గరికి వెళ్లాం. మంచాయనే, ఓపిగ్గా చూశాడు. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్, లివర్ పరీక్షలు, స్కానింగ్ రాశాడు. అన్నీ అయ్యాక నా వైపు చూసి "సేఫ్‌గా ఉండండమ్మా" అన్నాడు. సరేనని తల ఊపాను. బయటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాక, సేఫ్‌గా అంటే ఏంటి అని నన్ను నేనే అడుక్కున్నాను. కలవొద్దనా? నిరోధ్ వాడమనా? ముద్దు పెట్టుకోవచ్చా? ఇంకోలా అయితే పరవాలేదా? మేం భార్యాభర్తలం, మా మధ్య అన్నీ ఉన్నాయి, నోటితో చేసేది కూడా ఉంది. దాని గురించి ఎవరిని అడగాలి? తెలుగులో ఆ పనికి నాకు తెలిసిన మాటలన్నీ బూతులే. డాక్టరు ముందు బూతు మాట్లాడలేను, ఇంగ్లీషు మాట నోటికి రాదు.

మళ్లీ వెళ్లినప్పుడు రక్తం తీసే సిస్టర్ ఒకామె, నాకంటే పదేళ్లు పెద్దది, నా మొహం చూసి "ఏదో అడగాలని చూస్తున్నవ్, అడుగు చెల్లె" అంది. గదిలో ఎవరూ లేరు. "నోటితోని చేసినా వస్తదా అక్కా" అని అడిగాను. ఆమె నవ్వలేదు, తల దించుకోలేదు. "రావచ్చు. తక్కువే గానీ రాదని చెప్పలేం. ముందు నీకు టీకా పడిందా లేదా చూద్దాం" అంది. అంతే. ఆరు నెలల పాటు నా గుండెల మీద ఉన్న బరువు అరనిమిషంలో దిగిపోయింది. అలా సూటిగా జవాబు చెప్పే మనిషి ప్రతి ఆసుపత్రిలో ఒక్కరున్నా చాలు.

ఆమె చెప్పినదాని మీద తర్వాత చదువుకుని, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను. హెపటైటిస్ బి వైరస్ రక్తంలో ఎక్కువగా ఉంటుంది, వీర్యంలో, యోని స్రావాల్లో కూడా ఉంటుంది. ఉమ్ములో కూడా ఉంటుంది గానీ చాలా తక్కువ. కలిసి తింటే, ఒకే గ్లాసులో తాగితే, కౌగిలించుకుంటే, దగ్గితే రాదు. ముద్దుతో వచ్చినట్టు కూడా ఆధారాలు లేవు. వైరస్ లోపలికి పోవాలంటే దారి కావాలి. నోట్లో చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా, పుండు ఉన్నా, గుట్కా, ఖైనీ వాడి నోటి లోపలి చర్మం చెడినా అదే దారి. అందుకే ఓరల్ సెక్స్‌లో ఎక్కువ ప్రమాదం నోటితో చేసేవాళ్లకు, అవతలివాళ్ల ఒంట్లో వైరస్ ఉన్నప్పుడు. వైరస్ ఉన్న మనిషే నోటితో చేస్తే అవతలివాళ్లకు ప్రమాదం ఇంకా తక్కువ, కానీ ఆ మనిషి చిగుళ్లు కారుతుంటే ఉమ్ముతో పాటు రక్తం కూడా తగులుతుంది. ఆడమనిషికి నెలసరి ఉన్న రోజుల్లో రక్తం ఉంటుంది కాబట్టి అప్పుడు అపాయం ఎక్కువ. మామూలు సంభోగంతో పోలిస్తే ఓరల్‌లో అపాయం తక్కువే. ఎంత తక్కువ అని లెక్క కట్టడం కష్టం, ఎందుకంటే నోటితో మాత్రమే చేసి మిగతాది ఏదీ చేయని జంటలు అరుదు, దేనివల్ల అంటుకుందో విడదీసి చూపించలేరు. కానీ తక్కువ అన్న మాటను లేదు అని వినకూడదు. హెచ్ఐవీ కంటే హెపటైటిస్ బి ఎన్నో రెట్లు తేలిగ్గా అంటుకునే వైరస్. బయట ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. అందుకే మంగలి బ్లేడు, టూత్‌బ్రష్, ఊరి ఆర్ఎంపీ దగ్గర ఒకే సూదితో ఇద్దరికి ఇచ్చే ఇంజెక్షన్, ఇవన్నీ నిజంగా భయపడాల్సినవి. మా అత్తమ్మ కంచం వేరు చేసింది గానీ, ఇంట్లో మగవాళ్లంతా ఒకే రేజరు వాడుతున్న సంగతి పట్టించుకోలేదు.

హెపటైటిస్ ఎ దారి వేరు. అది మలంలో ఉంటుంది, నోట్లోకి పోవాలి. నీళ్లలో కలిసి పోయేదే మనకు తెలుసు. మలద్వారానికి నోరు తగిలే పని ఏది చేసినా అది నేరుగా వెళ్తుంది. మనిషి కళ్లు పచ్చబడటానికి ఒకటి రెండు వారాల ముందు నుంచే వైరస్ బయటికి వస్తుంటుంది, అప్పటికి ఆ మనిషికే తెలియదు. కడుక్కుంటే కొంత నయం, పూర్తి రక్షణ మాత్రం కాదు. దీనికీ టీకా ఉంది.

హెపటైటిస్ సి గురించి జనానికి భయం ఎక్కువ, కానీ సెక్స్ విషయంలో అది బి అంత కాదు. రక్తం రక్తానికి తగలాలి. నోటితో చేస్తే వచ్చిందని గట్టి రుజువు లేదు. అమెరికాలో ఒకరికి సి ఉండి ఇంకొకరికి లేని 500 జంటలను పరిశీలించి, ఒకరితో ఒకరే ఉండే స్త్రీ పురుషుల మధ్య సుమారు 1 లక్షా 90 వేల కలయికలకు ఒకసారి మించి అంటుకోదని 2013లో లెక్క చెప్పారు. రక్తం వచ్చేలా జరిగే సెక్స్‌లో, హెచ్ఐవీ కూడా ఉన్న మగవాళ్ల మధ్య జరిగే సెక్స్‌లో ప్రమాదం పెరుగుతుంది. సి కి టీకా లేదు, కానీ ఎక్కువమందికి 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. బి కి వాడే మాత్రలు కూడా. మా ఆయన 2021 నుంచి రోజూ ఒక టెనోఫోవిర్ మాత్ర వేసుకుంటున్నాడు, అక్కడి నుంచే తెచ్చుకుంటాడు. బి ఉన్న అందరికీ మందు అవసరం పడదు, కానీ ఆరునెలలకోసారి చూపించుకోవడం మాత్రం అందరికీ అవసరమే.

నోటితో చేసేదాని గురించి మగపిల్లలు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే, హెచ్ఐవీ వస్తుందా అని. మా చుట్టాల్లో ఒకబ్బాయి ఒక్క రాత్రి జరిగినదానికి నాలుగు నెలల్లో ఐదుసార్లు హెచ్ఐవీ పరీక్ష చేయించుకున్నాడు. టెన్షన్‌తో తిండి మానేశాడు. ఓరల్ సెక్స్‌తో హెచ్ఐవీ రావడం చాలా చాలా అరుదు. వాడు చేయించుకోవాల్సిన హెపటైటిస్ బి పరీక్ష మాత్రం ఎవరూ రాయలేదు, వాడు అడగలేదు. సిఫిలిస్ కూడా నోటితో వస్తుంది, పెదవి మీదో నాలుక మీదో నొప్పి లేని పుండు వచ్చి దానంతట అదే మానిపోతుంది, జబ్బు పోయిందనుకుంటారు, అది ఒంట్లో ఉంటుంది. గనేరియా గొంతులో దాక్కుంటే చాలాసార్లు గొంతునొప్పి కూడా ఉండదు. మూత్ర పరీక్షలో అది దొరకదు, గొంతులోంచి నమూనా తీయాలి. నోటితో చేశానని చెప్పకపోతే గొంతులోంచి నమూనా ఎందుకు తీస్తారు? సిగ్గుపడి చెప్పని ఒక్క మాట వల్ల పరీక్ష వేరే చోట జరుగుతుంది, రిపోర్టు బాగుందని వస్తుంది, మనిషి ధైర్యంగా ఇంటికెళ్లి ఇంకొకరికి అంటిస్తాడు. మౌనం వల్ల జరిగే నష్టం ఇదే.

ఇలాంటివి బహిరంగంగా రాయొచ్చా అని అడిగేవాళ్లున్నారు. మా ఆడబిడ్డే అడిగింది. మన పద్ధతిలో ఇవి లేవు, ఎందుకు నేర్పిస్తావు అంది. నేను ఎవరికీ ఏదీ నేర్పించడం లేదు. ఫోన్లు అందరి చేతుల్లో ఉన్నాయి, చూసేవి చూస్తున్నారు, చేసేవి చేస్తున్నారు, పెళ్లయినవాళ్లూ చేస్తున్నారు, కానివాళ్లూ చేస్తున్నారు. అంటువ్యాధి గురించి మాత్రమే తెలియదు. ఇంకొకటి, ఇది ఆడవాళ్ల కోసం తప్పకుండా చెప్పాలి. ఇష్టం లేకుండా మొగుడి బలవంతం మీద ఇది చేస్తున్నవాళ్లు మనలో ఎంతోమంది ఉన్నారు, నాతో చెప్పుకుని ఏడ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లకు వద్దు అనడానికి జబ్బు కారణం చూపించాల్సిన అవసరం లేదు. ఇష్టం లేదు అన్నది చాలు. ఇష్టంగా చేసుకునేవాళ్లకు మాత్రం ఎలా చేసుకుంటే అపాయం తగ్గుతుందో తెలియాలి.

అది పెద్ద విద్యేమీ కాదు. మగవాళ్లకు చేసేటప్పుడు కండోమ్ ఉంచాలి, దీనికోసం రుచి, వాసన ఉన్నవి మందుల షాపుల్లో దొరుకుతాయి. ఆడవాళ్లకు చేసేటప్పుడు అడ్డంగా పెట్టే పల్చటి రబ్బరు షీటు ఉంటుంది గానీ మన ఊళ్లలో ఎక్కడ దొరుకుతుంది, అందుకే కొత్త కండోమ్ కొనలు రెండూ కత్తిరించి నిలువుగా చీరితే అదే షీటు అవుతుంది. నోట్లో పుండ్లున్నప్పుడు, పన్ను పీకించుకున్నప్పుడు మానేయాలి. శుభ్రంగా ఉండాలని చాలామంది దానికి ముందు గట్టిగా పళ్లు తోముకుంటారు, దానివల్ల చిగుళ్లు గీసుకుపోతాయి, నీళ్లతో పుక్కిలించడం మేలు.

వీటన్నిటికంటే పెద్ద రక్షణ టీకా. దీని దగ్గర నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్ బి టీకా షాన్‌వాక్, 1997లో హైదరాబాదులోనే వచ్చింది. శాంతా బయోటెక్నిక్స్ పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు తెలుగువాడే. అప్పటిదాకా దిగుమతి టీకా పేదవాళ్లు కొనగలిగే ధరలో లేదు, దీని రాకతో ధరలు పడిపోయాయి. అలాంటి నేల మీద పుట్టి నాకు ముప్పై ఏళ్లు దాటేవరకు ఆ టీకా పడలేదు. దేశమంతటా పిల్లలకు ఇవ్వడం 2011 నాటికి గానీ పూర్తి కాలేదు. మా బాబు 2014లో పుట్టాడు, వాడికి పడింది. అంటే ఇప్పుడు కాపురాలు చేస్తున్న వయసువాళ్లలో చాలామందికి పడలేదు. పెళ్లికి ముందు జాతకాలు చూస్తాం, కట్నం, పొలం పత్రాలు చూస్తాం, హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష ఒకటి చూసుకుంటే ఏం పోతుంది? పెళ్లి మానేయడానికి కాదు నేను చెప్పేది, అవతలివాళ్లకు టీకా వేయించి పెళ్లి చేసుకోవడానికి.

నా సంగతే చెప్తాను. నా రక్తంలో వైరస్ లేదు, రక్షణ కూడా లేదు. మూడు డోసులు వేయించుకున్నాను, మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మూడూ కలిపినా ఒక పండగ చీర ఖరీదు కాలేదు. మూడోది అయిన నెలన్నరకు యాంటీ హెచ్‌బీఎస్ అనే పరీక్ష చేయించారు, అందులో 10 దాటితే రక్షణ వచ్చినట్టు. నాకు వందల్లో వచ్చింది. ఆ ఎనిమిది నెలలూ అన్నిటికీ కండోమ్ వాడాం, నోటితోనైనా సరే. రిపోర్టు వచ్చిన రోజు ఆ సిస్టర్ "ఇక నీకు ఈ బి భయం లేదు చెల్లె, మునుపటిలెక్క ఉండొచ్చు" అంది. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అన్‌ఫిట్ అని వచ్చినప్పటి నుంచి నన్ను ముట్టుకోవడానికి భయపడుతూ బతికాడు ఆ మనిషి.

టీకా పడని మనిషికి బి ఉన్నవాళ్లతో కలయిక జరిగితే ఊరికే కూర్చుని బాధపడక్కర్లేదు. వీలైతే 24 గంటల్లో వెళ్లాలి, ఆలస్యమైనా రెండు వారాల లోపు పనికొస్తుంది. టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు.

ఇంట్లో అందరికీ పరీక్ష చేయించమని డాక్టరు మొదటే చెప్పాడు. మా అత్తమ్మ ఏడాది పాటు ఒప్పుకోలేదు. కొడుకు ఎక్కడో బయట తిరిగి తెచ్చుకున్నాడని ఆమె మనసులో ఉండేది, పైకి అనలేదు గానీ చూపులో తెలిసేది. 2018లో బతిమాలి తీసుకెళ్లాం. ఆమెకూ పాజిటివ్ వచ్చింది. పెద్దయ్యాక ఈ వైరస్ అంటుకుంటే నూటికి 95 మంది ఒంట్లోంచి దానంతట అదే పోతుంది. పుట్టేటప్పుడు తల్లి నుంచి వస్తే పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది. మా ఆయనకు ఉన్నది అలా ఉండిపోయిన జబ్బు. డాక్టరు ఈ లెక్క చెప్పి, చాలావరకు చిన్నప్పుడే వచ్చి ఉంటుంది అన్నాక ఆమె కుర్చీలోనే కూలబడి ఏడ్చింది. ఆమె తప్పు ఏముంది? ఆమె కాన్పు నాటికి ఈ టీకా పేరు కూడా మన ఊళ్లకు తెలియదు. ఆ రోజు సాయంత్రం తన కంచం కూడా వేరు పెట్టుకోబోతే నేను ఒప్పుకోలేదు. గీత ఉన్న కంచాన్ని మిగతా వాటిలో కలిపేశాను. ఇప్పుడు అందులో ఎవరికి వడ్డిస్తున్నామో కూడా చూసుకోం.

మొన్న బెంగళూరు నుంచి మా పిన్ని కూతురు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. పెళ్లయి నాలుగు నెలలు. భర్త ఆఫీసులో రక్తదానం చేస్తే బ్లడ్ బ్యాంకు వాళ్లు పిలిచి హెపటైటిస్ బి ఉందని చెప్పారట. "అక్కా, మేం... అంటే... నీకు తెలుసు కదా" అని ఆగిపోయింది. "నోటితోనా?" అన్నాను. ఊఁ అంది. పొద్దున్నే ల్యాబుకు వెళ్లి మూడు పేర్లు రాసి ఇవ్వమన్నాను, హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్, యాంటీ హెచ్‌బీసీ టోటల్. చివరిది ఈ వైరస్ ఎప్పుడైనా ఒంట్లోకి వచ్చిందా అని చూసేది. రిపోర్టు తీసుకుని అదే రోజు డాక్టరుకు చూపించమన్నాను, చూపించి నాలుగు నెలలుగా అన్నీ జరిగాయని, నోటితో కూడా అని, ఇలాగే చెప్పమన్నాను. చెప్పిందట. మొదటిసారి మూడూ నెగెటివే. వైరస్ లోపలికి వెళ్లాక పరీక్షలో కనిపించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు కాబట్టి మళ్లీ చేయించమన్నారు. మొదటి డోసు అదే రోజు వేశారు. రెండోది వచ్చే నెల మూడో తారీఖున.